ప్రతిష్ఠకు ముందు గడ్డపార

సికింద్రాబాద్‌లో చీకటితో బయలుదేరిన మా మిలిటరీ వరద సహాయ దళం పొద్దున ఏడింటికి హన్మకొండలో దిగింది. నాలుగు ట్రక్కులు, ఆరు రబ్బరు పడవలు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, వైర్‌లెస్ సెట్లు. రెండు రోజులుగా వాన తెరిపి ఇవ్వలేదు. మంచులోనూ ఇసుకలోనూ పన్నెండేళ్లు తిరిగినవాణ్ని, సొంత జిల్లాలో డ్యూటీ పడటం అదే మొదటిసారి. మాది పరకాల దగ్గర పల్లె. ట్రక్కు దిగుతూ ఇంటికొచ్చినట్టుంది అనుకున్నాను. సాయంత్రానికి ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

సైనికుడంటే మీకు తుపాకీ గుర్తొస్తుంది. ఆ డ్యూటీ అంతా నా చేతిలో ఉన్నది తెడ్డు. మాకిచ్చిన బస్తీ పెద్ద నాలా ఒడ్డున ఉంది. హమాలీల ఇళ్లు, బీడీలు చేసేవాళ్ల ఇళ్లు, హిందువులు, ముస్లింలు, గోడకు గోడ. నడుముల్లోతు నీళ్లు. అందులో మురుగు, డీజిల్, చచ్చిన కోళ్లు. ఆర్డరు ఒక్కటే: మనుషుల్ని కప్పుల మీంచి దించు, పొడి జాగాలో పెట్టు, మళ్లీ వెళ్లు.

మా పడవలో ముగ్గురం. నాయబ్ సుబేదార్ సాబ్ రాజస్థాన్ మనిషి, మాట తక్కువ. మోటారు దగ్గర మలయాళీ జవాను. తెలుగు వస్తుంది కాబట్టి జనంతో మాట్లాడటం నా వంతు.

మధ్యాహ్నం ఒక రేకుల ఇంటి మీంచి ఒక ముస్లిం అవ్వనూ ఆమె కోడలినీ దించాం. అవ్వ తడిసి ముద్దైంది. ఊపిరి తీస్తుంటే ఛాతీలో పిల్లికూతలు.

"అత్తకు దమ్ము రోగం ఉన్నది సార్. మందు నీళ్లల్ల కొట్టుకపోయింది. తడిల ఉంటే ఆగదు" అంది కోడలు.

సాబ్ సెట్ అందుకున్నాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తు.

"కంట్రోల్, బోట్ టూ. ముసలావిడ, ఊపిరి అందటం లేదు. దవాఖానకు దారి? ఓవర్."

"దారి తెగింది. డాక్టరు పడవ సాయంత్రానికి వస్తుంది. అప్పటిదాకా పొడిగా, వెచ్చగా ఉంచండి. దగ్గర్లో భవనం ఉందా? ఓవర్."

"చర్చి ఉంది. తాళం వేసి ఉంది. ఓవర్."

"ఓనరెవరు? ఓవర్."

సాబ్ నా వైపు చూశాడు. దేవుడు అన్నాను. ఆయన నవ్వకుండా అదే చెప్పాడు.

"మరి తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఓవర్."

తాళంచెవి మా మామ దగ్గర ఉంది. మా అమ్మ తమ్ముడు, ఆ సంఘం కమిటీ సెక్రటరీ. నాకు బాప్తిస్మం ఇచ్చిన సంఘం కూడా అదే. పాత రేకుల చర్చి తీసేసి ఎత్తు మీద కొత్త మందిరం కట్టారు. గ్రానైట్ నేల, ఎర్ర తివాచీ, జనరేటరు, బస్తీ మొత్తం వినబడే స్పీకర్లు. గేటు మీద పెద్ద అక్షరాలతో "రండి, ఇది మీ ఇల్లు" అని రాయించారు. ఆ ఇంటికి అరచేయంత తాళం.

మామ ఇల్లు చర్చి వెనకే. గొడుగు పట్టుకొని చర్చి వరండాలోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా నలగలేదు.

"ఏం అల్లుడా, మంచిగున్నవా? మిలిటరీ డ్రెస్సుల దొర లెక్క ఉన్నవ్!"

"మామా, తాళం తియ్యి. అవ్వ పానం మీదికొచ్చింది."

"ఆదివారం ప్రతిష్ఠ ఉన్నది రా. హైదరాబాద్ నుంచి పెద్ద పాస్టరు అయ్యగారు వస్తాండ్రు. ప్రతిష్ఠ గాకముందు అన్యులు లోపట అడుగు పెట్టద్దు. వరండల కూసోపెట్టు, నేనేమన్న వద్దన్ననా?"

అన్యులు. యేసును నమ్మనివాళ్లకు మావాళ్లు పెట్టుకున్న పేరు. పక్కింటి మనిషి, రోజూ ఒకే నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే మనిషి, పండక్కి సేమియా పంపించే మనిషి. అన్యురాలు.

వరండా అంటే కప్పు ఒక్కటే. మూడు వైపులా జల్లు కొడుతోంది. అవ్వను గోడవారగా కూర్చోబెట్టి నా రెయిన్‌కోటు కప్పాను. తడిసిన బట్టల మీద రెయిన్‌కోటు ఎందుకు పనికొస్తుంది? తాళం పగలగొట్టడానికి సాబ్ పర్మిషన్ అడిగాడు. ప్రైవేటు భవనం, సివిల్ అధికారి రావాలి, వెయిట్ అన్నారు. మేం ఇంకో ట్రిప్పు వెళ్లొచ్చేసరికి వరండా నిండిపోయింది. అవ్వ పెదవులు నీలంగా మారాయి. తాళం అలాగే ఉంది.

"మామా, చచ్చిపోతది."

"ప్రార్థన చేస్తాన్నం గద రా! అయ్యగారికి ఫోన్ గూడ చేసిన. ఆయన గూడ ప్రార్థనల ఉన్నడు."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊళ్లో అంటే మావాళ్లు పకపకా నవ్వేవాళ్లు. మాకు పూజారులు లేరు కదా అని. కమిటీ ఉందని మర్చిపోయారు.

అప్పుడు వచ్చింది అత్త, మామ భార్య. ఒక చేతిలో దుప్పట్లు. ఇంకో చేత్తో గడ్డపార ఈడ్చుకొస్తోంది. గచ్చు మీద అది చేసిన చప్పుడుకు అందరూ తలలు తిప్పారు. తెచ్చి నా ముందు పడేసింది.

"చెవి ఆయన జేబుల ఉన్నది. ఇది నా ఇంట్ల ఉన్నది. కొట్టు బిడ్డా. ప్రభువుకు నేను చెప్పుకుంట."

"ఏందే, పిచ్చి లేసిందా?" మామ కేకేశాడు.

"లేసింది. నువ్వు పో, ప్రార్థన చేసుకో."

సాబ్ సెట్ చెవికి ఆనించుకొని నీళ్ల వైపు తిరిగాడు. "నేను రేడియో మీద ఉన్నా. నాకేం కనబడటం లేదు" అన్నాడు హిందీలో. మూడు దెబ్బలకు తాళం ఊడింది. జనం లోపలికి వెళ్లారు. అత్త తన పొడి చీర అవ్వకు కట్టి, పక్కన కూర్చొని వీపు రాస్తూ ఉంది. చీకటి పడేముందు డాక్టరు పడవ వచ్చింది, అవ్వను దవాఖానకు తీసుకెళ్లింది.

మూడో రోజు అవ్వ పోయింది. అంతసేపు తడిలో ఉంచకపోతే బతికేదేమో అన్నాడు డాక్టరు. ఆ "ఏమో" ఎత్తుకెళ్లి మామకు చెప్పాను. "దేవుని చిత్తం అల్లుడా" అన్నాడు. ఛీ! తన జేబులో తాళంచెవి పెట్టుకొని దేవుడి మీదికి నెట్టిన మనిషిని నేను శత్రువుల్లో కూడా చూడలేదు.

వరదతో ప్రతిష్ఠ వాయిదా పడింది. నెల తర్వాత సెలవు మీద వచ్చాను. ప్రతిష్ఠ ముందు రోజు మందిరమంతా ఫినాయిల్ వాసన. మూడుసార్లు కడిగించారట. మా తాత ఊళ్లో గుడి మెట్టు ఎక్కితే ఆ మెట్టు కడిగేవాళ్లు. ఆ అవమానం పడలేకే ఆయన యేసు దగ్గరికి వచ్చాడు. ఆయన పిల్లలం మేం ఇప్పుడు సొంతంగా బకెట్టు కొనుక్కునే దాకా ఎదిగాం. హల్లెలూయా.

గేటుకు ఫ్లెక్సీ కట్టారు. "వరద బాధితుల సేవలో మన మందిరం." ఫోటోలో మామ బ్రెడ్డు పంచుతున్నాడు. వెనక దుప్పట్లో అవ్వ. ఆ ఫోటో ఎప్పుడు దిగాడో నాకు తెలియదు. ప్రతిష్ఠనాడు నన్ను స్టేజీ మీదికి పిలిచారు. సంఘం బిడ్డ, వీర జవాను, సాక్ష్యం చెబుతాడు అన్నారు. మామ శాలువా విప్పాడు.

"ఆ శాలువా గడ్డపారకు కప్పు మామా" అన్నాను. మైకు ఆన్‌లోనే ఉంది. బస్తీ మొత్తం విన్నది. అవ్వ కోడలు కూడా విన్నదట. నేను చెప్పిన సాక్ష్యం అంతే. అత్త వరండాలో కూర్చొని ఉంది, లోపలికి రాలేదు. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు రిటైరై ఇక్కడే ఉంటున్నాను. నేను విశ్వాసినే. రోజూ మోకాళ్లూనుతాను. యేసు కావాలి నాకు, కమిటీ అక్కర్లేదు. సరిహద్దులో ఏం చూశావని పిల్లలు అడుగుతారు. చాలా చూశాను, చాలా మర్చిపోయాను.

ఒక్కటి మాత్రం పోదు. తలుపు తెరుచుకున్నాక అవ్వను రెండు చేతుల మీద ఎత్తుకొని లోపలికి నడిచింది నేనే. ఊపిరి కోసం ఆమె మెడ నరాలు తాళ్లలా బిగుసుకున్నాయి. కింద ఎర్ర తివాచీ. అవ్వ దాన్ని చూసింది. "మీ గుడి ఖరాబైతది బిడ్డా" అంటూ మోకాళ్లు ముడుచుకొని, తన పాదాల కింద తన అరచేతులే పట్టింది. గోడ దాకా అలాగే పట్టుకొని ఉంది. బురదంతా ఆమె చేతుల్లోకే కారింది.