సైనిక్‌పురి నుంచి తెచ్చుకున్న రెండు సీట్ల కారు

యాభై రెండేళ్ల వయసులో స్పోర్ట్స్ కారు కొంటానన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అందుకు కారణం మా ఆయనే. అంతకు ముందు ఏడాది నన్ను చెన్నై దగ్గర రేసు ట్రాక్‌కు తీసుకెళ్లి, ఒక పూట శిక్షణకు పేరు రాయించింది ఆయనే కదా. పద్మారావు నగర్‌లో పాతికేళ్లుగా పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. మలుపులో బండిని బయటికి లాగేదేమిటో బోర్డు మీద ఎన్నోసార్లు గీశాను. ఆ రోజు అది నా నడుముకూ మెడకూ తెలిసొచ్చింది. తిరుగు రైల్లో నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన వింటూ వింటూ నిద్రపోయారు.

కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి పాతదే వెతకాలి. మా బండ్లన్నీ చూసే మెకానిక్ భాయ్ బోయిగూడలో ఉంటారు. ఆయన్ని తోడు రమ్మన్నాను. ఏడాదికి రెండు మూడు సార్లు ట్రాక్ మీద నడపడానికి అంటే, చేతులు గుడ్డకు తుడుచుకున్నారు. బరువు తక్కువుండాలి, బ్రేకులు బాగుండాలి, సామాన్లు దొరకాలి, మిగతావన్నీ తర్వాతే అన్నారు.

మొదట చూసింది పాత కార్లు అమ్మే ఒక షోరూమ్‌లో ఎర్ర కారు. కూర్చోగానే నచ్చేసింది. స్టీరింగ్ వదలబుద్ధి కాలేదు. భాయ్ జేబులోంచి గుడ్డలో చుట్టిన అయస్కాంతం తీసి, కారు చుట్టూ అక్కడక్కడా ఆనించుకుంటూ నడిచారు. ముందు ఎడమ చక్రం పైన అది అంటుకోలేదు. జానెడు జరిపినా జారిపోయింది. రంగు కింద ఇనుముకు బదులు పుట్టీ ఉందన్నమాట. బానెట్ ఎత్తి, టార్చి వేసి, లోపల పొడుగునా వెల్డింగ్ గీత చూపించారు. ఎక్కడో గట్టిగా గుద్దుకున్న బండి.

మెల్లగా నడుపుకుంటే ఏమవుతుందని అడిగాను. అడిగాక నాకే సిగ్గేసింది.

"గిది చూసేతందుకు మంచిగుంది మేడం. మీకు నడిపేతందుకు గావాలె గద," అన్నారు భాయ్.

ఆ వారమంతా నాకు ఆ ఎరుపే కళ్లలో మెదిలింది.

రెండోది సైనిక్‌పురిలో చూశాం. అమ్మేది డెబ్బై దాటిన రిటైర్డ్ సైనికాధికారి. కారు బూడిద రంగుది, ఇరవై ఏళ్లనాటిది. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు. మేము అడగకముందే ఆయన నా చేతిలో ఒక కాగితం పెట్టారు. కారు లోపాలన్నీ అందులో స్వయంగా రాశారు. కుడి అద్దం సగం దాకానే దిగుతుంది, పొద్దున్నే రెండో గేరు మొండికేస్తుంది, వాన పడితే ఎడమ సీటు తడుస్తుంది. భాయ్ అయస్కాంతం మాత్రం పెట్టిన చోటల్లా అంటుకుంది. కారు కింద దూరి చాలాసేపు చూసి, బయటికొచ్చి నా వైపు తల ఊపారు.

పెద్దాయన నన్ను నడపమని, పక్కన తాను కూర్చున్నారు. ఆ కూర్చోవడానికి చాలా అవస్థ పడ్డారు. తలుపు పట్టుకుని, మోకాలు మడవలేక, చివరికి సీట్లో కూలబడ్డారు. ఎందుకు అమ్ముతున్నారో ఇక అడగలేదు. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఇంజన్ ఆగిపోయి నా చెవులు వేడెక్కాయి. క్లచ్ జెర పైన పట్టుకుంటదని ఆయన మెల్లగా చెప్పారు.

తిరిగొచ్చి వాళ్ల గేటు ముందు కారు ఆపాక, ఎందుకు కొంటున్నావని పెద్దాయన అడిగారు. ట్రాక్ మాట చెబితే అమ్మరేమోనని భయపడ్డాను. అయినా దాచలేకపోయాను. ఆయన చెయ్యి చాపి స్టీరింగ్‌ను ఒకసారి నిమిరారు.

"దీన్ని నేనెన్నడు గట్టిగ ఉరికియ్యలేదమ్మా. ఉరికియ్యాలని మాత్రం మస్తుసార్లు అనుకున్న. నువ్వు తీస్కపో. మొదటిసారి ట్రాక్‌కు పోయేనాడు నన్ను సుత పిలువు."

భాయ్ రెండు నెలలు తీసుకుని బ్రేకులు, టైర్లు, గొట్టాలు మార్చారు. ఊరి బయట ఒక చిన్న ట్రాక్ ఉంది. చలికాలం ఒక ఆదివారం పొద్దున పెద్దాయన్ని తీసుకుని అక్కడికి వెళ్లాం. అక్కడివాళ్లు పక్క సీట్లో ఒకరిని మూడు చుట్లకు అనుమతించారు. హెల్మెట్ పెట్టి ఆయన్ని ఎక్కించడానికి భాయ్, మా ఆయన ఇద్దరూ పట్టాల్సి వచ్చింది. మొదటి చుట్టు మెల్లగా వెళ్లాను. రెండో చుట్టులో నా భయం తగ్గింది. మూడో చుట్టు చివర పక్కకు చూస్తే, ఆయన రెండు చేతులతో బెల్టు పట్టుకుని చప్పుడు లేకుండా నవ్వుతున్నారు.

దిగాక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, టీ సగం తాగాక అన్నారు: "మూడో మలుపుల బ్రేకు జల్ది వదులుతున్నవ్."

నిజమే. తర్వాతి విడతలో ఇంకాస్త ఆగి వదిలితే కారు చెప్పినట్టు తిరిగింది. ఆ రోజు దాదాపు అందరూ నన్ను దాటి వెళ్లారు. నాకేమీ అనిపించలేదు. పదకొండింటికి నలుగురం రేకుల నీడలో కూర్చుని చపాతీలు తిన్నాం. ఇంకో అరగంట ట్రాక్ ఖాళీగా ఉందని చెప్పారు. చేతులు కడుక్కుని మళ్లీ హెల్మెట్ పెట్టుకున్నాను.