ఆదివారం ఉపవాసం

ఏలీయా ప్రార్థనకు లేచాడంటే ఇంటి దగ్గర ఉండిపోయిన ఆడవాళ్ళు ధైర్యంగా పొయ్యి మీద ఎసరు పెట్టుకోవచ్చు. ఆయన ఆమెన్ అనేసరికి అన్నం ఉడికి దించి, గంజి కూడా వార్చుకోవచ్చు. కొమరోలుకు అవతల ఉన్న ఆ పల్లెలో ఇది ఎగతాళిగా అనే మాట కాదు, అందరికీ అనుభవంలో ఉన్న సంగతి. చర్చి పైన కట్టిన మైకు కొమ్ము అటు పల్లెనూ ఇటు పెద్ద కులాలుండే పెద్దూరినీ చూస్తూ ఉంటుంది కాబట్టి, ఆయన దేవుడికి చెప్పేదంతా ఊళ్ళో మేకలక్కూడా వినిపిస్తుంది.

ఆయన గిద్దలూరు డిపోలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. బస్సు మొత్తానికి వినపడేలా అరిచిన గొంతు, రిటైరైతే మాత్రం తగ్గుతుందా? సంఘ పెద్దని చేసి విజ్ఞాపన ప్రార్థన ఆయనకు అప్పగించాక ఆ గొంతుకు మళ్ళీ పని దొరికింది. ఆ ప్రార్థనలో లేనిది లేదు. "ప్రభువా, వెలుగొండ ప్రాజెక్టు నీళ్ళు వస్తాయి వస్తాయని మా నాయన చెప్పి పోయినాడు, నేను కూడా చెప్పి పోవాల్సిందేనా?" అని నిలదీసేవాడు. "ఓటుకు ముందు ఇంటికొచ్చి కాళ్ళు పట్టుకుంటారు, ఓటయినాక ఫోన్ ఎత్తరు, వాళ్ళ మనసులు మార్చు తండ్రీ" అని బతిమాలేవాడు. జొన్న సంకటి తిన్నన్నాళ్ళు మాకు షుగరు లేదని, పిలకాయలు ఫోన్లు పట్టుకొని మెడలు వంకర చేసుకుంటున్నారని, బోరు నీళ్ళకు పళ్ళు గారపడుతున్నాయని, అన్నీ వరసగా విన్నవించేవాడు. కుర్ర పాస్టరు ఒకటికి రెండుసార్లు దగ్గి చూసేవాడు. ఏలీయా ఆ దగ్గును కూడా ప్రార్థనలో కలిపి, దైవసేవకుడి ఆరోగ్యం కోసం ఇంకో నాలుగు మాటలు అడిగేవాడు.

జనానికి అది ఇష్టమే. తమ పేరు మైకులో దేవుడి దాకా పోతుందంటే ఎవరికి చేదు? చేతులెత్తి మనవులు చెప్పేవాళ్ళు. మోకాలి నొప్పి, కోడలి కాన్పు, బోరులో పడని నీళ్ళు. ఏలీయా ఒక్కటీ మర్చిపోయేవాడు కాదు. అదే ఆయన గొప్పతనమని అందరూ అనేవాళ్ళు, ఆయన కూడా లోలోపల అనుకునేవాడు.

యేసుమణి ఆయనకు చెల్లెలి వరసయ్యే ఆమె కూతురు. బళ్ళో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆ పని ఆమెకొచ్చిన కొత్తలో, ఆ చేతి వంట మా పిల్లలు తినాలా అని పెద్దూళ్ళో కొందరు సణిగారు. పైకి అనలేక లోపల మింగలేక కొన్నాళ్ళు ఉండి, ఆమె వండే పప్పుచారు రుచి చూసిన పిల్లలే ఇళ్ళలో గొడవ చేస్తే నోళ్ళు మూసుకున్నారు. మొగుడు బెంగుళూరులో తాపీ పనికి పోయి, ఉంటే పంపుతాడు, లేకుంటే లేదు. ఇద్దరాడపిల్లలతో ఆ ఇల్లు నిలబడింది ఆ వంట మీదే.

ఆ యేసుమణికి దగ్గు పట్టి వదలకపోతే, ఏలీయానే గిద్దలూరు ఆస్పత్రికి తోడు తీసుకెళ్ళాడు. పరీక్ష చేసి టీబీ అన్నారు. ఆస్పత్రి బయట వేపచెట్టు కింద ఆమె ఆయన రెండు చేతులు పట్టుకుంది.

"మామా, ఈ మాట మన ఇద్దరి మధ్యనే ఉండాల. బయటికి తెలిసిందంటే నన్ను పొయ్యి దగ్గరికి రానీరు."

"పిచ్చిదానా, నేనెందుకు చెప్తానే? నా నోరు నీకు తెలీదా?" అన్నాడు ఏలీయా. ఆయన నోరు అందరికంటే ఆమెకే బాగా తెలుసు. అయినా వేరే దిక్కు లేక నమ్మింది.

పామూరులో అమ్మకు బాగాలేదని ఊళ్ళో చెప్పి ఆమె అక్కడికి వెళ్ళింది. చెల్లెలు భాగ్య వచ్చి బళ్ళో ఆమె బదులు వండింది. అన్నాళ్ళూ ఏలీయా నిజంగానే నోరు కట్టేసుకున్నాడు. భార్య ఇందిరమ్మకు కూడా చెప్పలేదు. యేసుమణి మాత్రలు మానకుండా మింగి, ఆయన తోడుగా మళ్ళీ పరీక్షకు పోతే డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది, ఇంక నీ వల్ల ఎవరికీ అంటుకోదు, మాత్రలు మాత్రం చెప్పినన్నాళ్ళూ వేసుకో, పనికి పోవచ్చు అని. ఆ మాట విని బస్సులో వస్తూ ఏలీయా కళ్ళు తుడుచుకున్నాడు. సొంత కూతురికి బాగైనంత సంతోషపడ్డాడు. ఆ సంతోషమే కొంప ముంచింది.

మరునాడు ఆదివారం. ప్రార్థనలో వెలుగొండ అయిపోయింది, బోర్లయిపోయాయి, షుగరు దగ్గరికొచ్చాడు. రోగాల సంగతి రాగానే గుండె పొంగింది. కళ్ళు మూసుకొని, చెయ్యి పైకెత్తి, "నా కోడలు యేసుమణిని టీబీ జబ్బు నుంచి విడిపించినావు ప్రభువా! ఆ బిడ్డ ఊపిరితిత్తులు ముట్టి బాగుచేసినావు! రేపటి నుంచి పసిబిడ్డలకు వండి పెట్టే ఆ చేతుల్ని దీవించు తండ్రీ!" అన్నాడు. మైకు కొమ్ము నమ్మకంగా పల్లెకూ పెద్దూరికీ ఆ మాట అందించింది. స్తోత్రం, స్తోత్రం అన్నారు కొందరు. కళ్ళు తెరిచి చూస్తే ఆడవాళ్ళ వైపు చాప మీద యేసుమణి పక్కన కూర్చున్న ఇద్దరు కొంచెం జరిగి కూర్చుని ఉన్నారు. ఆమె తల దించుకుని లేదు. ఆయన్నే చూస్తూ ఉంది. ఏలీయాకు అప్పుడు తెలిసింది తను ఏం చేశాడో.

సోమవారం బళ్ళో సాంబారు చల్లారిపోయింది. పెద్దూరి పిల్లలు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకున్నారు. వాళ్ళు తెచ్చుకోవడం ఒక ఎత్తు. ఏళ్ళుగా నోట్లో దాచుకున్న మాట అనడానికి వాళ్ళకు మర్యాదైన పేరు ఒకటి దొరికింది, అంతే. కానీ పల్లెలో పిల్లలు కూడా, చర్చిలో స్తోత్రం అన్నవాళ్ళ పిల్లలు కూడా డబ్బాలే తెచ్చుకున్నారు. హెడ్మాస్టరు మహేంద్ర యేసుమణిని పిలిచి, గొడవ సద్దుమణిగేదాకా ఇంటి దగ్గర ఉండమన్నాడు. ఎక్కువ రోజులు ఇట్లాగే ఉంటే ఇంకొకరిని పెట్టుకోక తప్పదని కూడా చెప్పాడు.

ఏలీయా బడికి పరిగెత్తాడు. గేటు దగ్గర పెద్దూరి కాటమరాజు తన మనవరాలిని తీసుకెళ్ళడానికి నిలబడి ఉన్నాడు. ఏలీయా ఆయన మీద విరుచుకుపడ్డాడు. "జబ్బు తగ్గిపోయినాదయ్యా! అంటుకోదని డాక్టరమ్మ చెప్పింది. చదువుకున్నోళ్ళ మాట కూడా వినరా మీరు?"

"డాక్టరమ్మ చెప్పింది మేం వినలేదు అన్నా" అన్నాడు కాటమరాజు నింపాదిగా. "నువ్వు చెప్పింది మాత్రం మంచంలో పడుకోని విన్యాం. జబ్బుందని మాకు చెప్పింది నువ్వే కదా?"

తల కొట్టేసినట్టయింది ఏలీయాకు. లోకంలో ఎవరేం తప్పు చేస్తున్నారో ప్రతి ఆదివారం లెక్కగా చెప్పే మనిషి, బడి లోపలికి అడుగు పెట్టకుండానే వెనక్కి తిరిగాడు. ఆ వారమంతా యేసుమణి ఇంటి సందు దాటాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయాడు. ఇంట్లో ఇందిరమ్మ మాటలు లేకుండా కంచం ముందుకు తోసేది. ఆమె తిట్టి ఉంటే ఎంతో బాగుండేదని ఆయనకనిపించేది.

శనివారం మహేంద్ర సారే ఆయన్ని పిలిపించాడు. "పెద్దాయనా, నాక్కూడా ఆమె వంటే కావాల. కానీ నా మాటకు తల్లిదండ్రులు లొంగడం లేదు. నువ్వు సోమవారం వచ్చి, అందరూ చూస్తుండగా పిల్లలతో కలిసి కూర్చోని ఆమె వండింది తిను. సంఘ పెద్దవి, పెద్దూళ్ళో కూడా నీకు మర్యాద ఉంది. నువ్వు తింటే వాళ్ళు తింటారు."

"అదెంత పని సారూ!" అన్నాడు ఏలీయా. గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. తప్పు చేసిన నోటితోనే దిద్దుకోవచ్చు. ఇంతకంటే ఏం కావాలి?

ఆదివారం చర్చిలో, గొంతు బాగాలేదని చెప్పి ప్రార్థనను పాస్టరుకే వదిలేశాడు. ఆ రోజు మనవులు అడిగితే చేతులెత్తిన వాళ్ళందరూ ఒకటే మాట అన్నారు. రహస్య మనవి. నాది కూడా రహస్య మనవే అయ్యగారూ. మోకాళ్ళ నొప్పి ముసలమ్మ కూడా ఏ మోకాలో చెప్పలేదు. ఏలీయా చాప అంచు గిల్లుతూ కూర్చున్నాడు.

ఇంటికెళ్ళి కోడికూరతో కడుపునిండా తిని, మధ్యాహ్నం యేసుమణి ఇంటికి బయల్దేరాడు. వారం రోజులుగా మొహం చెల్లక తప్పించుకున్న ఇంటికి ఇప్పుడు మంచి కబురుతో పోతున్నాననుకున్నాడు. ఆమె గడప దగ్గర పెద్ద పిల్లకు జడ వేస్తూ ఉంది. విషయమంతా చెప్పాడు. రేపు తను వస్తాడని, అందరి ముందూ తింటాడని, పని మళ్ళీ ఆమెదేనని. క్షమించమనే మాట కూడా ఎక్కడో మధ్యలో నలిగినలిగి బయటికొచ్చింది.

యేసుమణి జడ చివర రిబ్బను ముడేసింది. తర్వాత లేచి, "కూర్చో మామా" అని లోపలికి పోయింది. పిల్లల కోసం చేసిన సేమియా పాయసం స్టీలు గిన్నెలో పోసి, స్పూను వేసి తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆమె మొహం చాలా రోజుల తర్వాత తేటగా ఉంది.

గిన్నె వెచ్చగా ఉంది. ఏలీయా దాన్ని చూశాడు. ఆమె చేసింది. ఆ స్పూను ఎవరు వాడిందో. డాక్టరమ్మ చెప్పిన ప్రతి మాటా ఆయనకు కంఠతా వచ్చు. అయినా ఒంట్లో ఏదో వెనక్కి లాగింది. అది భయమని కూడా ఆయన ఒప్పుకోలేదు. నాలుక మాత్రం తన పని తను చేసింది.

"ఈ రోజు ఉపవాసం ఉన్నానమ్మా" అన్నాడు.

యేసుమణి ఆయన వైపు చూసింది.

"ఆదివారం పూట ఉపవాసమా మామా?"

ఆ సంఘంలో ఉపవాసం శుక్రవారం. ఆదివారం పండగ దినం, ఉపవాసం ఉండకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. దానిపై ఏలీయా అంతకు ముందు ఏడాది మైకులో అరగంట చెప్పాడు కూడా. ఆయన మీసానికి ఇంకా మసాలా వాసన వస్తూనే ఉంది. దేవుడి పేరుతో చెప్పిన అబద్ధం, అదీ తను ఎవరి బతుకు తీశాడో ఆ మనిషి మొహం మీద. భూమి విచ్చుకుంటే దిగిపోవాలనిపించింది. "అంటే అది కాదమ్మా..." అంటూ గబగబా గిన్నె ఎత్తి ఒక స్పూను నోట్లో పెట్టుకోబోయాడు.

ఆమె మెల్లగా గిన్నె వెనక్కి తీసుకుంది.

"ఇప్పుడు తినొద్దులే మామా. సిగ్గుకు తింటే ఒంటికి పట్టదు." గిన్నె పిల్ల చేతికిచ్చింది. పిల్ల అక్కడే నిలబడి తినేసింది. "నాకు పని కావాల. అందుకని రేపు రా. నీకు దండం పెడతా. కానీ పిలకాయలు కంచాలు చూడరు, మొహాలు చూస్తారు. మొహం బాగా పెట్టుకోని తిను."

ఏలీయా చెప్పులు తొడుక్కుని, వారమంతా తిరిగిన ఆ చుట్టు దారిలోనే ఇంటికి పోయాడు.

సోమవారం ఏలీయా తెల్లచొక్కా వేసుకుని బడి వరండాలో పిల్లల వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గేటు దగ్గర తల్లిదండ్రులు గుమిగూడారు. కాటమరాజు కూడా ఉన్నాడు. యేసుమణి వడ్డించింది. అన్నం, సాంబారు, గుడ్డు. ఆయన నవ్వుతూ తిన్నాడు. వేళ్ళు నాక్కుంటూ తిన్నాడు. "ఇంకొంచెం వెయ్యమంటావా మామా?" అని ఆమె ఒంగి అడిగింది, అందరికీ వినబడేటట్టు. "వెయ్యి తల్లీ!" అన్నాడు, అంతకంటే గట్టిగా. ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేకపోయాడు. కాసేపటికి కాటమరాజు మనవరాలు డబ్బా మూసేసి కంచం పట్టుకుని వరసలోకి వచ్చింది. దాని వెనక ఇంకొందరు వచ్చారు. మహేంద్ర సారు ఫోన్లో ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి ఏలీయాది ఎంత పెద్ద మనసో అని పల్లెలో, పెద్దూళ్ళో ఒకటే మాట. ఎదురుపడిన వాళ్ళల్లా చెయ్యి పట్టుకుని మెచ్చుకుంటుంటే, ఆయనకు ఒక్కో మెప్పూ చెంప మీద పడ్డట్టే ఉంది.

పై ఆదివారం పాస్టరు మైకులో అన్నాడు, "ఈ వారం దేవుడు మన ఊరిలో చేసిన గొప్ప కార్యం గురించి ఏలీయా అన్న వచ్చి సాక్ష్యం చెప్తాడు."

ఏలీయా లేచి మైకు అందుకున్నాడు. ఆడవాళ్ళ వైపు మూడో చాప మీద, కొంగు తల మీదికి లాక్కుని యేసుమణి కూర్చుని ఉంది. పక్కన ఆడవాళ్ళు మళ్ళీ దగ్గరికి జరిగి కూర్చున్నారు. నిజం చెప్తే ఆ ఆడవాళ్ళు మళ్ళీ జరుగుతారు. సంఘ పెద్దే భయపడ్డాడంటే, రేపు పిల్లలు మళ్ళీ డబ్బాలు తెస్తారు. అబద్ధం చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. మైకు గరగరమంది. అందరూ ఎదురుచూశారు.

"నా గురించి చెప్పడానికి ఏమీ లేదు" అని మైకు తిరిగి ఇచ్చేశాడు.

ముందు వరసలోంచి ఎవరో, "స్తోత్రం! ఎంత తగ్గింపు!" అన్నారు. పాస్టరు కళ్ళు చెమర్చాయి. పెద్దలు ఇట్లా తమను తాము తగ్గించుకుంటేనే సంఘం ఎదుగుతుందని మైకులో చెప్పాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఏలీయా చాప మీద కూలబడి ఆడవాళ్ళ వైపు చూశాడు. అందరితో పాటు యేసుమణి కూడా చప్పట్లు కొడుతోంది.