పద్నాలుగు లీటర్ల గేదె

తిరువూరులో నా మాట మీద ఎవరికీ నమ్మకం లేదు. ఆ అపనమ్మకాన్ని నేను కష్టపడి సంపాదించుకున్నాను. బస్టాండు వెనక జిరాక్సు కొట్టు పెట్టుకుని పాతికేళ్ళుగా, మిషను వేడెక్కేలోపు వచ్చినవాళ్ళకి ఏదో ఒకటి చెబుతూ వచ్చాను. విస్సన్నపేట తోటలో ఒక మామిడిపండు కోసి ఏడుగురం తిన్నామని, ఆ టెంక మా నులకమంచానికి నాలుగో కోడుగా పనికొచ్చిందని చెప్పాను. మా మేనమామ పత్తిచేలో మందు కొడుతుంటే ఒక తాచుపాము గట్టు మీద కూచుని దగ్గిందని చెప్పాను. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు, కాగితాలు తీసుకుని వెళ్ళేవాళ్ళు. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. అక్క గేదె పడిపోయిన రోజు వరకూ.

మా ఇంటికి ఎదురుగా ఉండే ఆవిడ నాకు చుట్టం కాదు. మేం ఆ వీధిలోకి కాపరానికి వచ్చినప్పటినుంచీ తమ్ముడూ అని పిలుస్తుంది కాబట్టి అక్క. మొగుడు పోయాడు. కూతురు గంపలగూడెంలో అత్తారింట్లో ఉంటుంది. అక్కకి ఉన్నది ఒక్క గేదె. ఒక్కటి అంటే ఒక్కటే, ఇందులో నేనేమీ కలపడం లేదు. ఆ పాలు నాలుగిళ్ళకి పోస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

అది మూడో ఈత. ఈనిన రోజునే అక్క పాకకి అడ్డంగా గోనెపట్టా కట్టేసింది, వీధిలోంచి కనపడకుండా. గేదె మెడలో నల్లతాడు, వాసానికి పాత చెప్పు. పాకలోంచి వంటింట్లోకి నాలుగడుగులు. ఆ నాలుగడుగులకీ బక్కెట్టు మీద కొంగు కప్పి తీసుకెళ్ళేది. అదంతా చూసి మా ఆవిడతో హాస్యాలాడాను కూడా, "మన పెళ్ళికి మీవాళ్ళు నిన్నింత దాచలేదు" అని.

మర్నాడు పొద్దున జున్నుపాలకి పిలిచింది. గోనెపట్టా ఎత్తి లోపలికి రానిచ్చింది. ఈనిన మూడు రోజుల్లోపు పరాయి మగాడిని పాకలోకి రానివ్వడమంటే ఎంత నమ్మితే రానిస్తారో నాకు తెలుసు. "ఇక్కడే ఉండు తమ్ముడూ, గిన్నె తెస్తా" అని లోపలికి వెళ్ళింది.

గేదె నావంక చూసింది. ఒళ్ళు నిగనిగలాడుతోంది. పొదుగు నిండుగా దిగి ఉంది. పక్కన దూడ, కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకి పెట్టుకుని నిలబడడం నేర్చుకుంటోంది. నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. ఒక్క ఫొటో. అక్క గిన్నె పట్టుకుని వచ్చేసరికి ఫోను జేబులోకి చేరింది.

కొట్టుకెళ్ళి వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాను. ఊరికే పెడితే నేనెందుకవుతాను! కింద ఇలా రాశాను: "మా వీధి మహాలక్ష్మి. పూటకి పద్నాలుగు లీటర్లు. జున్ను కావలసినవాళ్ళు గిన్నెలు తెచ్చుకోండి." నిజానికి అది పూటకి ఐదు ఇస్తుంది. పచ్చిగడ్డి బాగా దొరికిన రోజు ఆరు.

మధ్యాహ్నానికి మూడొందల మంది చూశారు. కాగితాలు ఫోనుకి పంపించి ప్రింటు తీయించుకునేవాళ్ళంతా నా నంబరు దాచుకున్నారు, నేను వాళ్ళవి దాచుకున్నాను. అందులో ఎంతమంది ఇంకెంతమందికి పంపారో దేవుడికే తెలియాలి. నేను మాత్రం అంకె పెరిగినప్పుడల్లా పండగ చేసుకున్నాను.

నాలుగింటికి మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏమండీ, అక్క వాకిట్లో ఆ జనమేంటి?"

"ఏం జనం?"

"గిన్నెలు పట్టుకొచ్చారు. ఎ.కొండూరు నుంచి ఒకాయన ఏకంగా క్యానే తెచ్చాడు. మీరేమన్నా చేశారా?"

"నేనేం చేస్తాను?" అన్నాను.

మావైపు జున్నుపాలు అమ్మరు. అడిగితే లేవనరు. గిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చినవాళ్ళని ఉత్త గిన్నెతో పంపితే పొదుగు ఎండిపోతుందని భయం. నేను ఇంటికొచ్చి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అక్క పాకలోకి వెళ్ళేది, చెంబుతో వచ్చేది, పోసేది, మళ్ళీ వెళ్ళేది. "ఎవరు చెప్పారమ్మా మీకు?" అని ఒకావిడని అడగడం వినపడింది. "ఊరంతా తెలుసులే పిన్నీ" అందావిడ. మా రెండిళ్ళ మధ్య వీధి పన్నెండడుగులు. దాటి వెళ్ళి, ఇదంతా నా నిర్వాకం, మీరు వెళ్ళిపోండని చెప్పొచ్చు. చెప్పలేదు. కిటికీ రెక్క కాస్త దగ్గరికి వేసుకున్నాను.

తెల్లారింది. అక్క కేక వేసింది. మనిషి పోయినప్పుడు వేసే కేక.

వెళ్ళేసరికి గేదె కూలబడి ఉంది. మెడ పక్కకి తిరిగి డొక్కకి ఆనింది, ఎవరో మడతపెట్టినట్టు. చెవి పట్టుకుంటే చల్లగా ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ వాటిలో మేమెవరం లేము. దూడ వచ్చి మూతితో పొడుస్తున్నా తోక కదల్లేదు. డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన ఎ.కొండూరు మండలంలో ఏదో ఊళ్ళో ఉన్నాడు.

"అరగంట పడుతుంది. పక్కకి పడిపోనివ్వకండి. రెండువైపులా బస్తాలు పెట్టి ఛాతీ మీద కూచోబెట్టండి. తల ఎత్తి పట్టుకోండి. నోట్లో చుక్క నీళ్ళు కూడా పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి."

ఊక బస్తాలు తెచ్చి ఆనించాం. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. గేదె తల ఎంత బరువో మీకు తెలియదు. మామూలుగా అయితే ఇక్కడ నేను నూటయాభై కేజీలని చెప్పేవాణ్ణి. ఆ రోజు నాకు తెలిసిందల్లా అది ఊపిరి వదిలినప్పుడల్లా నా మోకాలి మీద కొంచెం వెచ్చగా తగిలేదని. ఆ వెచ్చదనం ఎప్పుడు ఆగిపోతుందోనని లెక్కపెడుతూ కూచున్నాను.

పక్కింటి తాత వచ్చాడు. ఊతకర్ర మీద ఆనుకుని చూసి, "దిష్టేనమ్మాయ్. ఇంకేంటి! ఫోన్లో పెట్టుకుంటే తగలదా?" అన్నాడు.

"ఫోన్లో ఏంటి బాబాయ్?" అంది అక్క.

"నా మనవరాలు చూపించింది. నీ గేదె, నీ పాక. పద్నాలుగు లీటర్లంటగా పూటకి?"

అక్క నావంక చూసింది. నాకు లేచి పారిపోవాలనిపించింది, కానీ ఒళ్ళో తల ఉంది.

"నేనే అక్కా."

"ఎప్పుడు తీశావు?"

"నువ్వు గిన్నె కోసం లోపలికెళ్ళినప్పుడు."

"నీకు పాలు పొయ్యడానికి వెళ్ళినప్పుడు" అంది. అంతే. తిట్టలేదు. తిడితే నేను ఏదో ఒక కథ చెప్పి తప్పించుకునేవాణ్ణి.

వంటింట్లోంచి ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చింది. దిష్టి తీయాలంటే చూసినవాళ్ళ కాలి కింద మట్టి కూడా కలపాలి. "ఎంతమంది చూశారు?" అంది. ఫోను తీసి చూసి చెప్పాను, నాలుగొందల పన్నెండు. తాత గొంతు సవరించుకున్నాడు. "అయితే ట్రాక్టరు మాట్లాడాలిరా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఆయనతో సహా. అక్క వంగి నా కాలి కింద మట్టి చిటికెడు తీసుకుంది. నా పాదం ఎత్తమని కూడా అనలేదు, తనే చేత్తో జరిపింది. అప్పుడే, ఆమె చూడకుండా, స్టేటస్ తీసేశాను. అప్పటికే వాకిలి దాటి వేరే ఫోన్లలోకి పోయినవాటిని తీసేయడం మాత్రం నా చేతుల్లో లేదు.

డాక్టరు వచ్చాడు. చెవి ముట్టుకుని, కంటిరెప్ప ఎత్తి చూసి, "ఈని ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"ఇవాళ మూడోరోజండి."

"నిన్న ఎన్నిసార్లు పిండావమ్మా?"

"నాలుగుసార్లండి."

"మొత్తమా?"

"చుక్క లేకుండా పిండానండి."

"మూడు రోజులదాకా పొదుగులో సగం వదిలెయ్యాలని తెలీదా నీకు? ఇన్నేళ్ళుగా గేదెని పెంచుతున్నావు!"

"తెలుసండి" అంది అక్క. "గిన్నె పట్టుకుని వస్తే లేదనలేకపోయాను."

ఒంట్లో ఉన్న కాల్షియమంతా పాలల్లోకి పోయిందని డాక్టరు చెప్పాడు. దిష్టి అయితే నయం. ఉప్పు పొయ్యిలో వేస్తే చిటపటలాడి పోతుంది, ఆనక నేను దాన్ని కథగా కూడా చెప్పుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. నేను రాసిన ఒక్క ముక్క గిన్నెలై వచ్చింది. ఆ గిన్నెలు ఆ ఒంట్లోంచి ప్రాణాన్ని చెంబు చెంబుగా తోడుకుపోయాయి. ఎవరి కంటిదోషమూ అక్కర్లేదు.

డాక్టరు నన్ను లేవమని, గేదె తల బస్తాకి ఆనించి, మెడ నరానికి సూది గుచ్చి, సీసా నా చేతికిచ్చాడు.

"ఇక్కడ, నీ ఛాతీ దగ్గరే పట్టుకో. ఎత్తావంటే మందు వేగంగా ఎక్కుతుంది. గుండె ఆగిపోతుంది."

"నేనా సార్? ఇంకెవరన్నా…"

"నువ్వే. కదలకు."

ఆయన చెవులకి గొట్టం పెట్టుకుని గేదె ఎడమ డొక్క పక్కన కూచున్నాడు. నేను సీసాని చూస్తూ నిలబడ్డాను. బుడగలు ఒకటొకటిగా పైకి వస్తున్నాయి. నా భుజం గుంజింది. ఈగ వచ్చి ముక్కు మీద వాలింది. ఊదడానికి కూడా భయం, ఊదితే చెయ్యి కదులుతుందని. ఒకసారి డాక్టరు చెయ్యి గబుక్కున పైకి లేచింది. "దించు, దించు!" అన్నాడు. దించాను. ఆయన కాసేపు విన్నాడు. ఆ కాసేపూ అక్క నోట్లో కొంగు కుక్కుకుని నావైపే చూసింది, గేదె వైపు కాదు. "ఊఁ, పర్లేదు" అన్నాడాయన. నా వీపు మీద చొక్కా తడిసి అంటుకుపోయింది.

సీసా సగం అయ్యేసరికి గేదె ఒళ్ళు జలదరించింది. పోయిందనుకున్నాను. డాక్టరు మాత్రం నవ్వాడు. తర్వాత పెద్ద తేన్పు వచ్చింది, పేడ వేసింది. రెండో సీసా అయ్యాక ముందుకాళ్ళ మీద లేవబోయి దబ్బున కూలబడింది. మళ్ళీ లేచింది. నిలబడింది, వణుకుతూ.

"గండం గడిచిందని ఇప్పుడే అనను" అన్నాడు డాక్టరు సంచీ సర్దుకుంటూ. "మళ్ళీ పడిపోయేవి ఉంటాయి. దూడ తాగినంత తాగనివ్వండి, మీరు పైపైన తియ్యండి. నెమరు మొదలెడితే మనది." వెళ్తూ వెళ్తూ నాతో, "ఆ ఫొటో నాకూ వచ్చింది. నీ సంగతి తెలుసు కాబట్టి నమ్మలేదు. తెలియనివాళ్ళే ఎక్కువ" అన్నాడు.

మా పెద్దవాళ్ళకి పరాయి పశువుని చూడడానికి ఒక పద్ధతి ఉండేది. పాలు తీసే వేళ పాక దగ్గరికి వస్తే బయటే ఆగి దగ్గేవాళ్ళు. పొదుగు వంక తేరిపార చూసేవాళ్ళు కాదు. ఎన్ని పాలిస్తుందని అడగడం, ఆడపిల్ల వయసు అడిగినంత తప్పు. బాగుందని నోరుజారితే తూ తూ అనేవాళ్ళు. నేను దాన్ని మూఢనమ్మకమనుకుని పాతికేళ్ళు నవ్వాను. పశువుకి నోరు లేదు, అది నన్ను చూడొద్దు అనదు. దాని మీద బతికేవాళ్ళ మొహమాటానికీ నోరు లేదు. అందుకని చూసేవాడే ఆగాలి. అంత చిన్న సంగతి అర్థం కావడానికి నాకు గేదె తల ఒళ్ళో పెట్టుకుని కూచోవలసి వచ్చింది.

సాయంత్రం నాలుగవుతుండగా అక్క వాకిట్లో కుర్చీ వేసుకుని కూచున్నాను. ఎవరూ కూచోమనలేదు. వస్తారని తెలుసు. వచ్చారు.

మొదట ఒక ఆటో భాయ్. మా కొట్టుకి తరచూ వచ్చేవాడే. స్టీలు గిన్నె తెచ్చాడు.

"మా అత్తకి జున్నంటే ప్రాణం అన్నా. ఇరవై లీటర్లంటగా?"

"ఇరవయ్యా!"

ఫోను చూపించాడు. నా ఫొటోనే. కింద రాత నాది కాదు. నాకంటే పెద్ద కోతలరాయుడెవడో ఆరు లీటర్లు కలిపాడు.

"ఐదు లీటర్లు భాయ్. ఐదే. అది కూడా ఇవాళ లేదు. గేదె పొద్దున చచ్చి బతికింది."

"నువ్వు ఐదన్నావంటే పాతికైనా ఉంటది" అని పగలబడి నవ్వాడు. "నీకు దాచుకుంటన్నావా ఏంటి?"

"మా అమ్మ మీద ఒట్టు."

"పోయినేడు పాము దగ్గిందని కూడా ఆవిడ మీదే ఒట్టేశావు."

నిజం చెబితే నమ్మించడం ఇంత కష్టమని నాకు ఎవరూ చెప్పలేదు. చేతులు జోడించాను. నా మొహంలో ఏం చూశాడో, నవ్వు ఆపేసి వెళ్ళిపోయాడు. వాడొక్కడే నయం. తర్వాత వచ్చినవాళ్ళు గొడవ పెట్టుకున్నారు. విస్సన్నపేట నుంచి బస్సెక్కి వచ్చిన పెద్దావిడ చార్జీలు దండగయ్యాయని శాపనార్థాలు మొదలెట్టింది.

"గిన్నెతో వచ్చిన ఆడదాన్ని ఉత్తచేతులతో పంపుతారా? మీ పొదుగు…"

"ఆగమ్మా!" అని లేచాను. "లేదన్నది నేను. ఆ ఇంటావిడ కాదు, ఆవిడకి నువ్వొచ్చినట్టే తెలీదు. అనాలనుకుంటే నన్నను. నా కొట్టు ఎండిపోవాలను, నా నాలుక ఎండిపోవాలను. పాక వైపు మాత్రం తిరిగి అనకు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నీకేమన్నా పిచ్చా నాయనా?" అని గిన్నె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడ పూర్తి చెయ్యని మాట మాత్రం వాకిట్లోనే ఉండిపోయింది. బండి చప్పుడు వినపడినప్పుడల్లా ఉలిక్కిపడుతూ, వెనక్కి తిరిగి చూడ్డానికి ధైర్యం చాలక అలాగే కూచున్నాను. గోనెపట్టా వెనక ఏ చప్పుడూ లేదు. లేచి ఉందో, పడిపోయిందో. అడిగే మొహం నాకు లేదు.

దీపాలు పెట్టే వేళయింది. డాక్టరు వెళ్ళినప్పటినుంచీ నాతో ఒక్క ముక్క మాట్లాడని అక్క, పట్టా వెనకనుంచి, గట్టిగా అంటే ఎక్కడ ఆగిపోతుందోనన్నట్టు మెల్లగా అంది:

"తమ్ముడూ, నెమరేస్తంది."

"చూడనా అక్కా?" అన్నాను.

గోనెపట్టా అంచు కాస్త పైకి లేచింది, మళ్ళీ దిగింది.

"వద్దులే" అంది. "అక్కడే కూచుని విను."

విన్నాను.