బోల్తా కొట్టేదాకా చుక్కాని లేదు

పేదపిల్లలకు తెరచాప పడవ నేర్పే ఆ ట్రస్టులో టీచరమ్మది ఒకటే పట్టు. పడవను కావాలని బోల్తా కొట్టించి, మళ్లీ నిలబెట్టందే ఎవరికీ చుక్కాని ఇవ్వదు.

ఆ రోజు ట్రస్టుకు అండగా నిలిచేందుకు, ఒంటరిగా ప్రపంచం చుట్టొచ్చిన నావికురాలు వచ్చింది. పడవలో కొత్తపిల్ల మాత్రం బోల్తా కొట్టించాలంటే భయంతో బిగుసుకుపోయింది.

"నేను దిగనా టీచర్?" అంది నావికురాలు.

"ఫొటోలు దిగాలి కదే, బట్టలు పాడవుతాయి."

"చిన్నప్పుడు నన్ను తోసేటప్పుడు ఈ జాలి ఏమైంది?"

నావికురాలు తెల్లబట్టలతోనే పిల్ల పక్కన కూర్చుని పడవను ఒరిగించింది. ఇద్దరూ బుడుంగున మునిగి తేలారు. నీళ్లు కక్కుతూనే పిల్ల పడవను నిలబెట్టింది.

కెమెరాలన్నీ నావికురాలి చుట్టూ మూగాయి. టీచరమ్మ లోలోపల పొంగిపోతూనే మొహం గంటు పెట్టుకుని, చుక్కాని తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది.

"ప్రపంచం చుట్టిరా. భోజనాల వేళ మాత్రం దాటనివ్వకు."