గుంజ పట్టుకున్న ఇజ్జా

భూకంపం తర్వాత ఆ కొండ ఊరి జనమంతా ఎండిన వాగులోకి దిగి గుడారాలు వేసుకున్నారు. వాళ్ళేమీ పిచ్చివాళ్ళు కాదు. వాగులో మీద పడటానికి గోడ లేదు, దూలం లేదు. ఇంటి కప్పులు అయినవాళ్ళను మింగేశాక మనిషికి అంతకన్నా నిశ్చింత ఎక్కడ దొరుకుతుంది? వానలు ముంచుకొస్తున్న సంగతి మాత్రం ఎవరి బుర్రకీ ఎక్కలేదు.

ఎక్కింది ఇజ్జాకి ఒక్కదానికే. ఆమెది ఆ ఊరే, ఉద్యోగం మండలాఫీసులో. భూకంపం, వరద, కొండరాళ్ళు మూడింటినీ కలిపి లెక్కగట్టి ఏ చోటు ఎలాంటిదో రంగుల్లో చూపించే పటం ఒకటి ఆఫీసువాళ్ళు ఆమె టాబ్లెట్‌లో పెట్టారు. ఎరుపంటే ప్రమాదం, పసుపంటే కొంత భయం, ఆకుపచ్చంటే నిశ్చింత. వాన కబురు అందగానే రంగులు మారతాయి. మొదటిసారి పటంలో వాగు ఎర్రబడినప్పుడు ఇజ్జా అందరినీ తరిమి పైనున్న కళ్ళంలోకి ఎక్కించింది. కళ్ళంలో చెప్పులు వేసుకోరు కనుక రాత్రంతా చలికి కాళ్ళు కొంకర్లు పోయాయి. చుక్క వాన పడలేదు.

"ఏమే ఇజ్జా, మబ్బులకి నీ పటం చూపించడం మర్చిపోయావా?" అన్నాడు ఊరిపెద్ద హమ్మూ. అందరూ పగలబడి నవ్వి మళ్ళీ వాగులోకి దిగారు.

రెండోసారి మధ్యాహ్నం ఎర్రబడింది. ఊరిమీద ఫెళ్ళున ఎండ కాస్తోంది, వాన పడుతున్నది ఎక్కడో పైకొండల్లో. ఎంత మొత్తుకున్నా ఒక్కరూ కదల్లేదు. కన్నతల్లి ఫాద్మా అయితే చాప మీంచి లేవనే లేదు.

"మీ నాన్నని చంపింది ఇంటికప్పే! నీళ్ళు నాకేం అపకారం చేశాయి? నేన్రాను, పో."

ఇజ్జాకి ఒళ్ళు మండింది. తిన్నగా హమ్మూ గుడారంలోకి వెళ్ళి నడిమి గుంజను రెండు చేతులా పట్టుకుంది. టీ పోస్తున్న హమ్మూ చెయ్యి ఆగిపోయింది. ఆ కొండల్లో గుంజ పట్టుకున్నవాడు హంతకుడైనా సరే, అడిగిన చోటికి క్షేమంగా చేర్చే పూచీ గుడారం యజమానిదే. కాదంటే ఇక తలెత్తుకు తిరగలేడు.

"వదులు పిల్లా. ఇది ఆటలాడే వ్యవహారం కాదు."

"ఆటకి పట్టుకోలేదు తాతా. నీ శరణు జొచ్చాను. నన్నూ అమ్మనీ కళ్ళం దాకా చేర్చు."

"ఎవరు తరుముతున్నారే నిన్ను?"

"వాగు."

"వాగా! నీకేమైనా మతి పోయిందా? దాన్లో నాలిక తడుపుకోడానికైనా నీళ్ళు లేవు!"

"అమ్మ రాకపోతే నేనూ కదల్ను. తర్వాత నీ ఇష్టం."

హమ్మూ ఆమెను, ఆమె ఆఫీసును, ఆ టాబ్లెట్ చేసినవాణ్ణి కలిపి తిట్టుకుంటూ లేచాడు. పెద్దాయన కాపుగా బయల్దేరితే మగవాళ్ళు కూర్చోవడం మర్యాద కాదు. మగవాళ్ళు కదిలాక ఆడవాళ్ళూ పిల్లల్ని చంకనేసుకున్నారు.

"లేమ్మా ఫాద్మా! నీ కూతురు నా పరువు పట్టుకుని వేలాడుతోంది."

ఆ మాటకు ఫాద్మా కూడా సణుగుతూ లేచి చాప చుట్టుకుంది.

కళ్ళం చేరి చెప్పులు విప్పి కాసేపు కూడా కాలేదు, లోయ పైనుంచి హోరు వినిపించింది. ఎర్రటి నీళ్ళు రాళ్ళను దొర్లించుకుంటూ వచ్చి గుడారాలన్నిటినీ ఊడ్చుకుపోయాయి. హమ్మూ గుడారం రెండు పల్టీలు కొట్టి మాయమైంది.

హమ్మూ తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "తల్లీ, ఇక్కడ ఇక భయం లేదుగా? ఇది పచ్చేగా?"

అందరి మొహాలూ ఆమె వైపే తిరిగాయి. ఔనని ఒక్క మాటంటే ఈ పూటకి వాళ్ళంతా హాయిగా నిద్రపోతారు. ఆ మాట ఇజ్జా నాలిక చివరి దాకా వచ్చింది కూడా.

"కాదు తాతా. పసుపు. మన లోయలో పచ్చ అనేదే లేదు. భూమి మళ్ళీ కదిలితే ఆ కొండమీంచి రాళ్ళు దొర్లచ్చు. ఉన్నవాటిల్లో ఇదే మేలు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. హమ్మూ కొండకేసి చూసి, "ఎందాకా దొర్లుతాయో చూపించు" అన్నాడు.

ఇజ్జా వట్టి కాళ్ళతో కళ్ళం పొడుగునా నడిచి హద్దు చూపించింది. చాప చంకన పెట్టుకుని ముందుగా ఆ హద్దుకి ఇవతలికి వచ్చింది ఫాద్మా.