చెట్టు పడిన గొయ్యి

నాలుగు రోజులుగా వాన విడవలేదు. పొద్దున్నే షెడ్డులో పడాక్ కలప పలకల మధ్య పుల్లలు సర్దుతున్నాను. గాలి ఆడకపోతే బూజు పడుతుంది. అత్తయ్య వాకిట్లోంచి పిలిచింది. మావయ్య పోయారు.

ఆయన మా దీవిలో, రంగత్‌లో రంపపు మిల్లు పని మానేశాక, చేత్తో గిటార్లు చేసే మెయిన్‌లాండ్ పనివాళ్ళకి పలకలు ఏరి పంపేవారు. పలకని రెండు వేళ్ళతో వేలాడదీసి, వేలి కణుపుతో కొట్టి వినేవారు. కంచుగిన్నెలా మోగకపోతే తలుపులకి పక్కన పెట్టేవారు. గాలికి కూలిన చెట్టు కలపే కొనేవారు. చెట్టు వేళ్ళతో సహా లేచిపోయిన చోట గొయ్యి కళ్ళారా చూస్తే గానీ పలక ముట్టేవారు కాదు. అటవీ శాఖ పర్మిట్ చూపిస్తే నవ్వేవారు.

"కాగితం ఎవడైనా రాత్తాడు. గొయ్యి ఎవడు రాత్తాడ్రా?"

నిరుడు ఆయన మోకాళ్ళు పట్టేశాయి. ఒక కలప వ్యాపారి దుంగ తెచ్చాడు. గొయ్యి చూసి రమ్మని నన్ను పంపారు. వాన, జలగలు. బస్టాండులో టీ తాగి తిరిగొచ్చాను.

"గొయ్యి చూసినావా?"

"చూసినాను మావయ్యా."

"ఎంత లోతు?"

"నడుం లోతు."

'గాలికి పడిన చెట్టు' అని తన చేత్తో చీటీ రాసి పలకలతో పంపారు. గిటారు పనివాడు దాన్ని గిటారు లోపల అతికించి ఫోటో పంపాడు. ఆ ఫోటో మావయ్య వీధంతా చూపించారు. మీలో ఎవరింట్లోనైనా ఆ చీటీ ఉన్న గిటారు ఉంటే, అది నా అబద్ధం.

ఎండలొచ్చి నొప్పి తగ్గాక ఆయన ఒక్కరే అడవికి వెళ్ళి చూసొచ్చారు. గొయ్యి లేదు. రంపం గాట్లతో మోడు ఉంది, ఎర్ర బంక ఎండి ఉంది.

"నడుం లోతన్నావు," అన్నారు. "నడుం ఎత్తుంది."

అంతే. తిట్టలేదు. పనివాడికి ఫోన్ చేసి, "భయ్యా, వో కాగజ్ ఫాడ్ దో. ఝూఠ్ హై," అన్నారు. ఆ అబద్ధపు చీటీ చింపడానికి వీల్లేదు, గిటారు అప్పటికే అమ్ముడైపోయింది. "నేను చూడకుండా రాసినాను," అని తన మీదే వేసుకున్నారు. నా పేరు ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత చీటీ రాయలేదు, పలక పంపలేదు. షెడ్డులో ఉన్నవి చెడకుండా చూడమని మాత్రం నాకు చెప్పారు.

మావయ్య పోయిన ఆ పొద్దున తొమ్మిదింటికి, నిరుడు దుంగ తెచ్చిన ఆ వ్యాపారి వచ్చాడు. బూట్లతోనే వరండా ఎక్కాడు. మావయ్య లోపల చాప మీద ఉండగానే షెడ్డులోకి తొంగిచూసి, ఒక పలకని ఆయనలాగే కణుపుతో కొట్టాడు.

"దీదీ, మీ ఆయన చీటీకి మెయిన్‌లాండ్‌లో మంచి పేరుంది. ఆపేత్తారేటి?"

"బూట్లు ఇప్పి మాటాడు," అంది అత్తయ్య.

అతను నావైపు తిరిగాడు. "నువ్వు రాయి భయ్యా. కొత్త దుంగ ఉంది. గాలికి పడిందే."

"చెట్టు పడిన చోటు చూపించు."

"ఈ వానలో ఎవడెల్తాడు భయ్యా?"

అతన్ని చూస్తే రోత పుట్టింది. ఆ రోత నాకు కొత్త కాదు.

"నేనొత్తాను," అన్నాను. "రేపు కాదు, ఎల్లుండి. వాన ఉన్నా సరే."

అతను ఫోన్ చూసుకున్నాడు. చోటు చెప్పకుండానే తొమ్మిదిన్నర బస్సుకి వెళ్ళిపోయాడు. మావయ్యని పదకొండింటికి శ్మశానానికి తీసుకెళ్ళాం.