టీచరమ్మ చెప్పిన శనివారం

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. "అత్తయ్య ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారండీ" అంది అవతలి గొంతు. మా టీచరమ్మ మేనకోడలు. "చనిపోయారా?" అని అడిగాను. "అవునండీ, చనిపోయారు" అని ఆ అమ్మాయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంత సూటిగా అడగడం మొరటుగా అనిపించవచ్చు. కానీ ఆ మాటను దాచకుండా పలకడం నాకు నేర్పింది టీచరమ్మే. ఎలా నేర్పారో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆవిడ బడి టీచరు కాదు. వారమంతా ఒక ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగరీత్యా వచ్చి అశోక్‌నగర్‌లో కిందివాటా రెండు గదుల్లో ఒక్కరే ఉండేవారు. ఆదివారం మాత్రం నారాయణగూడ సందులో ఉన్న చిన్న చర్చిలో, వెనకవైపు రేకుల షెడ్డు కింద, పిల్లలకు కథలు చెప్పేవారు. మేమందరం టీచరమ్మ అనేవాళ్ళం. చర్చిలో పెద్దవాళ్ళు కూడా అదే పిలుపు అలవాటు చేసుకున్నారు.

నేను క్రైస్తవుల పిల్లను కాదు. మా అమ్మానాన్నలు మహబూబ్‌నగర్ దగ్గరి పల్లె నుంచి పని కోసం పట్నం వచ్చినవాళ్ళు. మురుగునీళ్ళ నాలా పక్కన బస్తీలో మా గుడిసె. నాన్నది అపార్ట్‌మెంట్లు కట్టేచోట మేస్త్రీ కింద పని. అమ్మ ఇళ్ళల్లో గిన్నెలు తోమేది. టీచరమ్మ ఉండే ఇంటి పైవాటా కూడా అమ్మ చేసే ఇళ్ళల్లో ఒకటి. ఆదివారం అమ్మ పని అయ్యేదాకా నేను మెట్ల మీద కూర్చునేదాన్ని. ఒకరోజు టీచరమ్మ గొడుగు తీసుకుని బయటికి వస్తూ నన్ను చూసి, అమ్మను అడిగి, వెంట తీసుకెళ్ళారు. అప్పుడు నాకు ఆరేళ్ళు. తొంభైల మొదటి సంవత్సరాలు.

ఆవిడ దగ్గర ఒక పలక ఉండేది. పలకంటే రాసేది కాదు, అట్టకు ముదురునీలం ఉన్నిగుడ్డ అంటించినది. పాత క్యాలెండర్ల నుంచి కత్తిరించిన బొమ్మల వెనక గరుకు కాగితం అతికించి, కథ నడుస్తుంటే ఒక్కో బొమ్మను ఆ గుడ్డకు ఆనించేవారు. బొమ్మ అలాగే నిలిచేది. గొర్రెలు, గాడిద, చేపల పడవ. అందులో ఒక స్త్రీ బొమ్మ ఏ సబ్బు కంపెనీ క్యాలెండర్ నుంచి వచ్చిందో గాని, ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. ఏడవాల్సిన కథల్లో టీచరమ్మ దాన్ని పక్కకు తిప్పి పెట్టేవారు. ఎవరైనా మధ్యలో ప్రశ్న వేస్తే కథ ఆపేసేవారు. "కథ ఎక్కడికీ పోదు, ప్రశ్న పోతుంది" అనేవారు.

ఆ ఏడు ఈస్టర్ కథ మాకు ఒక్క ఆదివారంలోనే చెప్పారు. మంచివాణ్ణి పట్టుకుని చంపేశారు, గుహలో పెట్టి రాయి అడ్డం పెట్టారు అన్నంతవరకు గబగబా నడిపించి, "మూడో రోజు లేచి వచ్చేశాడు" అని చప్పట్లు కొట్టించారు. చిన్నపిల్లలం కదా, చావు దగ్గర ఎక్కువసేపు నిలబెట్టకూడదని ఆవిడ ఉద్దేశం. తర్వాత మిఠాయిలు పంచారు. నేను ఇంటికొచ్చి నాన్నకు కథంతా చెప్పాను. నాన్న నవ్వి, "గట్లనా" అన్నాడు.

ఆ ఎండాకాలం పోకముందే నాన్న హిమాయత్‌నగర్‌లో కడుతున్న భవనం పరంజా మీది నుంచి పడి చనిపోయాడు. ఊరికి తీసుకెళ్ళి పూడ్చారు. మూడో రోజు ఇంట్లో కోడికూర వండారు, జొన్నరొట్టెలు చేశారు. అన్నీ నాన్నకు ఇష్టమైనవే. విస్తరిలో పెట్టుకుని పెద్దవాళ్ళు పొలం వైపు వెళ్ళారు. మా వైపు దాన్ని పిట్టకు పెట్టడం అంటారు. కాకి వచ్చి ముట్టాలి. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. మూడో రోజని తెలుసు, నాన్నకు ఇష్టమైనవి వండారని తెలుసు. ఇంకేం కావాలి? ఊరి బయట బాట పక్కన కూర్చుని చీకటిపడేదాకా చూశాను. ఎత్తుకుపోవడానికి వచ్చిన మేనమామను కొరికాను.

దినాలయ్యాక అమ్మ పని కోసం మళ్ళీ పట్నం వచ్చింది. వచ్చిన మర్నాడే నా చెయ్యి పట్టుకుని టీచరమ్మ గుమ్మం ముందు నిలబడింది. అమ్మ ఎవరి మీదా గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు కూడా పెంచలేదు.

"ఏం జెప్పినవమ్మా నా బిడ్డకు? మూడొద్దుల నాడు బాట పొంటి కూసొని వాళ్ళ నాయిన కోసం చూసింది. టీచరమ్మ చెప్పింది, వస్తడు అంటది. ఇప్పుడు గూడ తలుపు పెట్టనిస్తలేదు. నేనేం జెప్పాలె?"

టీచరమ్మ గడప దిగి వచ్చి, మెట్టు మీద నా ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ ముఖం నా ముఖానికి సమానంగా వచ్చింది.

"మీ నాన్న రాడమ్మా. చనిపోయాడు. మూడో రోజూ రాడు, ముప్పయ్యో రోజూ రాడు. నేను నీకు సరిగ్గా చెప్పలేదు. తప్పు నాది."

అప్పటిదాకా ఎవరూ నాతో ఆ మాట అనలేదు. పోయిండు, దేవుని దగ్గరున్నడు, పనికి పోయిండు అని తలా ఒకటి చెప్పారు. నేను ఏడుపు ఆపుకుని అడిగాను. "మరి కథల ఆయనెట్ల వచ్చిండు?"

"వచ్చాడని నేను నమ్ముతానమ్మా. నమ్మడం వరకే నా చేతిలో ఉంది. నీకు చూపించలేను."

ఆ రాత్రి అమ్మ తలుపు వేస్తుంటే నేను అడ్డుపడలేదు.

ఇకమీదట నన్ను పంపవద్దనుకుంటే అర్థం చేసుకుంటానని టీచరమ్మ అమ్మతో అన్నారట. అమ్మ నన్ను రానియ్యమని, కాని పిల్లలకు జర చూసి చెప్పమని అందట. ఆ తర్వాత చాలా వారాలు ఆవిడ సాయంత్రాలు ఆఫీసు నుంచి నేరుగా మా గుడిసెకు వచ్చి కూర్చునేవారు. ప్రార్థన చేస్తానని ఒక్కసారీ అనలేదు. మా నాన్న ఎట్లా ఉండేవాడో చెప్పమని అమ్మను అడిగేవారు. అమ్మ చెప్పేది. నాన్న ఈలవేస్తే మేకలు ఆగేవని నాకు అప్పుడే తెలిసింది.

మరుసటి ఏడు ఈస్టర్‌కు ఆవిడ మమ్మల్ని ఆదివారం కంటే ముందే, శనివారం మధ్యాహ్నం, తన ఇంటికి రమ్మన్నారు. కరెంటు లేదు. పది పన్నెండు మందిమి చాప మీద ఇరుక్కుని కూర్చున్నాం. నీలం పలక మీద ఏ బొమ్మా లేదు. నిన్న ఆయన చనిపోయాడు, ఇవాళ శనివారం, రేపటి సంగతి ఆయన మనుషులకు తెలియదు, మరి ఇవాళ వాళ్ళంతా ఏం చేసి ఉంటారో మీరే చెప్పండి అన్నారు.

ఏడ్చిండ్రు అన్నారు ఒకరు. తలుపులు పెట్టుకున్నరు అన్నారు ఇంకొకరు. ఒక బొద్దు పిల్లవాడు, అన్నం తిన్నరు, ఆకలైతది గదా అన్నాడు. కొందరు నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. అవును, తినే ఉంటారు, ఎవరో వండి పెట్టే ఉంటారు అన్నారు. ఒక్కో జవాబుకూ ఒక్కో బొమ్మ పెడుతూ వచ్చారు.

నేను అన్నాను. "ఆయన వాళ్ళమ్మ కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్చి ఉంటది. పిల్లలకు ఇనబడొద్దని."

టీచరమ్మ చేతిలో బొమ్మను కింద పెట్టారు. తర్వాత ఆ సబ్బు క్యాలెండర్ స్త్రీని తీసి, ఆమె నోటి మీదుగా తెల్లకాగితం ముక్కను కొంగులా అంటించి, పలక మధ్యలో పెట్టారు. ఆ రోజు కథ అంతే. మిఠాయిలు లేవు. తలా ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి ఇళ్ళకు పంపారు.

దీనిమీద చర్చిలో గొడవైంది. పండుగ పూట పిల్లలను ఏడిపించడం ఏమిటని ఒక పెద్దాయన అందరి ముందే అడిగారు. కొందరు తల్లులు కూడా ఆయన వైపే ఉన్నారు. టీచరమ్మకు నలుగురిలో మాట్లాడటం రాదు. చెమటలు పట్టేవి. అయినా లేచి నిలబడి, "నేను ఒకసారి శనివారం మింగేసి చెప్పానండీ. ఒక పసిపిల్ల దాని ఫలితం అనుభవించింది. మళ్ళీ అలా చెప్పలేను" అన్నారు. అవసరమైతే క్లాసు ఇంకెవరికైనా ఇవ్వమన్నారు. ఎవరూ తీసుకోలేదు. ఆవిడ ఇంకా చాలా ఏళ్ళు, మోకాళ్ళు మొరాయించేదాకా, ప్రతి ఏడూ ఆ శనివారం పిల్లలను చాప మీద కూర్చోబెట్టారు.

నేను క్రైస్తవంలో కలవలేదు. ఆవిడ ఏనాడూ అడగలేదు. అమ్మతో పాటు బోనమెత్తుతాను. ఇప్పుడు ఒక ఆస్పత్రిలో నర్సును. మనిషి చనిపోయారని డాక్టరు చెప్పి వెళ్ళిపోయాక అర్థంకాక నిలబడిపోయినవాళ్ళ ఎదురుగా, ముఖాలు సమానంగా వచ్చేలా కూర్చుంటాను. అక్కడికి ఎవరైనా పిల్లలు వస్తే వాళ్ళకూ అదే మాట చెబుతాను.

ఆ మొదటి శనివారం తర్వాతి తెల్లవారుజామున ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఈస్టర్ నాడు చీకటితోనే సమాధుల దగ్గరకు వెళ్ళి కొవ్వొత్తులు వెలిగించడం ఆ చర్చివాళ్ళ ఆనవాయితీ. పిల్లలను తీసుకుని టీచరమ్మ బయలుదేరితే, పనికి పోయేముందు అమ్మ కూడా మా వెంట వచ్చి సమాధుల తోట గేటు దగ్గరే ఆగిపోయింది. టీచరమ్మ వెనక్కి వచ్చి అమ్మ చేతికి ఒక కొవ్వొత్తి ఇచ్చారు. మా ఆయన ఈడ లేడు గదమ్మా అంది అమ్మ. టీచరమ్మ గోడవారగా చూపించారు. పేరు చెరిగిపోయిన చిన్న సమాధి, చుట్టూ గడ్డి. దానికి ఎవరూ రారమ్మా, మీరు పెట్టండి అన్నారు.

అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పీకింది. మైనం చుక్కలు రాతి మీద కార్చి కొవ్వొత్తిని నిలబెట్టింది. గాలి వీస్తుంటే కొంగు అడ్డం పట్టింది. గాలి వచ్చే వైపు టీచరమ్మ కూర్చున్నారు. అటు పాటలు మొదలయ్యాయి, మిగతా పిల్లలు అటు పరుగెత్తారు. తెల్లగా తెల్లవారింది, మంట ఉందో లేదో కూడా కనిపించడం లేదు. అమ్మ కొంగు తీయలేదు. టీచరమ్మ లేవలేదు.